జన్యువుల గుర్తింపును సాఫ్ట్‌వేర్‌కే వదిలేయవచ్చా?

(తిరుపతిలో పరిశోధక విద్యార్థుల ఎదుట ఒక గణన జీవశాస్త్రవేత్తకూ, కొత్త వంగడాలను రూపొందించే ఒక ప్రజనన శాస్త్రవేత్తకూ మధ్య జరిగినట్లుగా రాసిన వాదన ఇది. వేరుశనగ జన్యుక్రమంలో ఏ జన్యువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తించే పనిని పూర్తిగా కంప్యూటర్‌కే అప్పగించవచ్చునా అన్నది ప్రశ్న.)

గణన జీవశాస్త్రవేత్త: మేడమ్, 2019లో వెలువడిన సాగు వేరుశనగ జన్యుక్రమంలో సుమారు 250 కోట్ల డీఎన్ఏ అక్షరాలున్నాయి. అన్నిటినీ మనుషులు చదవడం అసాధ్యం. బ్రేకర్ వంటి సాఫ్ట్‌వేర్ ఆర్ఎన్ఏ (పనిచేస్తున్న జన్యువు నుంచి తయారయ్యే నకలు) ఆధారాలనూ ఇతర జీవుల ప్రొటీన్లనూ చూసి తనకు తానే శిక్షణ ఇచ్చుకుంటుంది. హెలిక్సర్ అనే మరో సాఫ్ట్‌వేర్‌కైతే డీఎన్ఏ వరుస ఒక్కటే చాలు.

ప్రజనన శాస్త్రవేత్త: వేగాన్ని నేను కాదనడం లేదు సార్. ఆ సాఫ్ట్‌వేర్‌లను నడిపే ముందు చేసే పని గురించే నా అనుమానమంతా. వేరుశనగ డీఎన్ఏలో అధిక భాగం పునరావృత వరుసలే కాబట్టి, వాటిలోని ట్రాన్స్‌పోజాన్లను (చోటు మారగల డీఎన్ఏ ముక్కలను) మొక్క జన్యువులుగా లెక్కించకుండా, సాఫ్ట్‌వేర్‌కు కనబడకుండా ముందుగానే కప్పివేస్తారు. అయితే తెగుళ్లను తట్టుకునే ఎన్ఎల్ఆర్ జన్యువులు కూడా ఒకదానినొకటి పోలి గుంపులుగా ఉంటాయి. అందువల్ల వాటిలో కొన్ని ఆ కప్పివేతలో కలిసిపోతాయి. పైగా ఇవి సాధారణంగా చాలా తక్కువగా వ్యక్తమవుతాయి, అంటే వాటి ఆర్ఎన్ఏ తక్కువగా తయారవుతుంది కనుక ఆర్ఎన్ఏ ఆధారం కూడా సరిగా దొరకదు. చిత్తూరు రైతుకు తుప్పు తెగులునూ ఆకుమచ్చ తెగులునూ తట్టుకునే వంగడం కావాలంటే మేము వెతకవలసింది సరిగ్గా ఆ జన్యువులనే.

గణన జీవశాస్త్రవేత్త: జన్యువుల పట్టిక ఎంత సంపూర్ణమో చూసే బుస్కో పరీక్షలో మంచి మార్కులు వచ్చిన పట్టికను కూడా నమ్మరా?

ప్రజనన శాస్త్రవేత్త: బుస్కో వెతికేది అనేక జాతుల్లో ఒకే ప్రతిగా నిలిచిన జన్యువులను. ఒక్కో మొక్కలో వేరువేరుగా పెరిగే ఎన్ఎల్ఆర్ కుటుంబం గురించి అది ఏమీ చెప్పదు. వేరుశనగ డ్యురానెన్సిస్, ఇపేయన్సిస్ అనే రెండు అడవి జాతుల కలయిక కాబట్టి, బుస్కో వెతికే జన్యువుల్లో చాలావరకు రెండేసి కనిపించడం సహజమే, దానిని దోషమనుకోకూడదు.

(ఇక్కడ ఆమెదే పైచేయి అని నా అభిప్రాయం.)

గణన జీవశాస్త్రవేత్త: ఒప్పుకుంటాను. కానీ చేత్తో సరిచూసిన పట్టిక కూడా స్థిరం కాదు. ఎందరో పరిశీలించిన అరబిడాప్సిస్ అనే చిన్న ప్రయోగ మొక్కలోనే 2000లో 25,498 జన్యువులన్నారు, 2016లో విడుదలైన అరాపోర్ట్11 అనే పట్టికలో ప్రొటీన్లను తయారుచేసే జన్యువులు 27,655 అయ్యాయి. ఇక మన శేషాచలం ఎర్రచందనానికి అంతమంది పరిశీలకులు ఎక్కడ దొరుకుతారు? దానికి సాఫ్ట్‌వేర్ పట్టిక లేకపోతే అసలు పట్టికే ఉండదు.

ప్రజనన శాస్త్రవేత్త: ఎర్రచందనం విషయంలో మీతో వాదించను. వేరుశనగకు మాత్రం మొత్తం పట్టికను మీ సాఫ్ట్‌వేరే తయారు చేయనివ్వండి. ఎన్ఎల్ఆర్ ప్రాంతాలను కప్పివేయకుండా మరొకసారి నడిపి, పొడవైన ఆర్ఎన్ఏ రీడ్లతో (ఒకేసారి చదివిన పొడవైన ఆర్ఎన్ఏ వరుసలతో) పోల్చి, మా వాళ్లు ఒక్కొక్కటిగా సరిచూస్తారు. ఏ జన్యువుకు ఆర్ఎన్ఏ ఆధారం ఉందో, ఏది కేవలం అంచనాయో కూడా పట్టికలో ఉండాలి.

గణన జీవశాస్త్రవేత్త: జన్యువుల స్థానాలను నమోదు చేసే జీఎఫ్ఎఫ్ ఫైలులో ప్రతి జన్యువు వరుసలోనూ దానిని రాయవచ్చు. తెగులు సోకిన ఆకుల ఆర్ఎన్ఏ మీరిస్తే, ఆ ప్రాంతాలను మళ్లీ నడుపుతాను.