కాడికి కట్టిన రెండు కిటికీలు

మా బావగారి పదవీ విరమణ ప్రసంగం ముప్పావు గంట సాగింది. ఒక కెమెరా ఆయన మీద, ఇంకొకటి శ్రోతల మీద పెట్టాను. ఎడిటింగ్ కూడా నేనే చేస్తానని నలుగురిలో అనేశాను. ఆ ఒక్క మాటకు వారం రోజులు కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

మొదటి రెండు రోజులూ మార్కర్లతో మహా సరదాగా గడిచాయి. నేను వాడే ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో ఎం మీట నొక్కితే చాలు, పుస్తకంలో కాగితం ముక్క పెట్టుకున్నట్టు టైమ్‌లైన్ మీద, అంటే క్లిప్పులు వరుసగా పేర్చే పట్టీ మీద, ఒక గుర్తు పడుతుంది. దానికి పేరు రాయవచ్చు, రంగు మార్చవచ్చు. నేను రంగులు మార్చాను. ఏ రంగు దేనికో మాత్రం రాసుకోలేదు, గుర్తుంటుందిలే అని. మర్నాడు చూస్తే ఎరుపు, ఊదా, పచ్చ తోరణాలు కట్టి ఉన్నాయి, ఎందుకో తెలియదు.

అది చాలనట్టు, వీడియో నడుస్తుండగా బావగారి పేరు కింద వేయవలసిన వాక్యం టైపు చేశాను. చూపు టైటిల్ పెట్టె మీదే ఉంది గానీ, క్లిక్ చేసింది టైమ్‌లైన్ మీద. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు టైపు చేసే అలవాటు నాది. ‘మన’, ‘మిత్రులు’, ‘మహోదయులు’ అంటూ మకారం వచ్చిన ప్రతిచోటా ఒక మార్కర్ పుట్టింది. మిగతా అక్షరాలు చేసిన ఆగడాలు చక్కదిద్దాను. మార్కర్లను మాత్రం నేను పెట్టినవే అనుకుని భద్రంగా ఉంచుకున్నాను.

పేరు రాసి పెట్టిన మార్కర్ మొత్తానికి ఒక్కటే: ‘దగ్గు, తీసేయాలి’. తరువాత మొదట్లోని మైకు పరీక్ష 40 సెకన్లు కోసేశాను. క్లిప్పులన్నీ ముందుకు జరిగి ఖాళీ పూడ్చుకున్నాయి. మార్కర్లు జరగలేదు. వాటిని కూడా వెంట జరిపించే ఎంపిక మెనూలో ఉంటుందట, అది తరువాత తెలిసింది. నేను మార్కర్ ఉన్నచోట నమ్మకంగా కత్తెర వేశాను.

ఇక రెండు కిటికీల సంగతి. ఎడమ కిటికీలో శ్రోతలు, కుడి కిటికీలో బావగారు. గ్యాంగ్ అనే బొత్తాం నొక్కితే రెండూ కలిసి నడుస్తాయి. కలిసి నడుస్తున్నాయంటే కాలం కూడా కలిసినట్టేనని నేను అనుకున్నాను. అది ఎద్దులను కాడికి కట్టడం లాంటిదే, కానీ ఒక ఎద్దు పది అడుగులు ముందుండగా కడితే చివరిదాకా పది అడుగుల ముందే నడిచే కాడి.

అందుకే ముందుగా ఒక చప్పట కొట్టి, రెండు క్లిప్పుల్లోనూ చేతులు తాకిన ఫ్రేము దగ్గర మార్కర్ పెట్టి, రెండింటినీ అక్కడ నిలబెట్టి, అప్పుడు జోడించాలి. నేనూ కొట్టాను, రెండుసార్లు. మొదటిది కొట్టేసరికి శ్రోతల కెమెరా ఇంకా నిద్ర లేవలేదు. బావగారి కెమెరాలో మొదటి చప్పటకు, శ్రోతల దానిలో రెండో చప్పటకు గుర్తు పెట్టాను. తేడా మూడే సెకన్లు. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన 75 ఫ్రేములు. రాత్రిపూట శబ్దం తగ్గించి ముఖాలు మాత్రమే చూశాను కాబట్టి అంతా దివ్యంగా కనిపించింది.

ఆదివారం అందరినీ కూర్చోబెట్టి చూపించాను. దగ్గు నిక్షేపంగా ఉంది. దాని తరువాత 40 సెకన్లకు బావగారు అక్కను మెచ్చుకున్న వాక్యం లేదు.

“ఒరేయ్ తమ్ముడూ, నా మాట ఏదిరా?” అంది అక్క.

నేను నీళ్లు నములుతుండగా తెర మీద శ్రోతలు విరగబడి నవ్వారు. మూడు సెకన్ల తరువాత బావగారు ఛలోక్తి విసిరారు. ఆ తరువాత కూడా ప్రతిచోటా అంతే, ముందు చప్పట్లు, వెనక మాట. నాకు చెమటలు పట్టాయి.

బావగారు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, అక్క వైపు చూశారు.

“చూశావా? నేను నోరు తెరవకముందే చప్పట్లు కొడుతున్నారు.”

సరిచేసిన ప్రతి నా దగ్గర సిద్ధంగా ఉంది. అక్క తప్ప ఇంకెవరూ అడగలేదు.