బెజవాడలో హీటరు

బెజవాడలో కారుకి హీటరెందుకని ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆలోచించలేదు. అసలు ఉందని తెలిసిందే అది కారడం మొదలెట్టాక. ముందు సీటు దగ్గర కార్పెట్ తడి, అద్దానికి లోపలివైపు జిడ్డుపొర, కారంతా ఓ తియ్యటి వాసన.

ఆ వాసనకి మా ఆవిడ ముందుగా అనుమానించింది వాళ్ల నాన్నని. మామగారికి షుగరు. ముందు సీటు ఆయనదే. "జేబులో ఏముందో తియ్యి నాన్నా" అని నిలదీస్తే పాపం పెద్దాయన జేబు తిరగేసి చూపించారు. బీపీ మాత్రలు తప్ప ఏమీ లేవు. ఇంజన్ని చల్లబరిచే కూలెంట్లో గ్లైకాల్ అనే రసాయనం ఉంటుంది, దాని వాసనే అంత, నోట్లో పడితే విషం అని నేను సర్దిచెప్పబోతే ఇద్దర్నీ ఒకే గాటన కట్టేసింది.

సర్వీస్ సెంటర్లో టై కట్టుకున్న కుర్రాడు "డ్యాష్‌బోర్డు మొత్తం దించాలి సార్" అన్నాడు. ఈ హీటరు డ్యాష్‌బోర్డు వెనక దాక్కున్న బుల్లి రేడియేటరు. ఇంజన్లోంచి వేడినీళ్లు ఓ హోస్ పైపులో వచ్చి, దాంట్లో తిరిగి, ఇంకో పైపులో పోతాయి. పార్టు ధర కన్నా దాని దగ్గరికి వెళ్లే దారి ఖర్చు నాలుగింతలు! ఎస్టిమేట్ చదివి, ఈ కారు మీరే కొనుక్కుంటే ఎంతిస్తారని అడిగాను. అది వేరే డిపార్ట్‌మెంటట.

ఆటోనగర్ మెకానిక్కయితే బానెట్ ఎత్తి నవ్వాడు. "మనకి హీటరేంది సార్, లేపేద్దాం." ఆ రెండు పైపులూ హీటరు నుంచి పీకి, మధ్యలో చిన్న ఇనప గొట్టం పెట్టి ఒకదానికొకటి కలిపేసి క్లిప్పులు బిగించాడు. నేను టీ తాగేలోపే అయిపోయింది.

మొన్న ఉయ్యూరులో పెళ్లి. కంకిపాడు దాటామో లేదో టెంపరేచర్ ముల్లు లేవడం మొదలెట్టింది. మెకానిక్కి ఫోన్ చేశాను.

"కంగారు పడకండి సార్. ఏసీ కట్టేసి హీటరు ఫుల్లు పెట్టండి. ఇంజన్ వేడంతా లోపలికి లాగేసిద్ది."

ఈ చిట్కా నిజమే, డ్రైవర్లంతా చెప్తారు. కాబట్టి మే నెల మిట్టమధ్యాహ్నం, 40 డిగ్రీలు దాటిన ఎండలో, బందరు రోడ్డు మీద, పట్టుబట్టల్లో ఉన్న ముగ్గురు మనుషులం హీటరు వేసుకున్నాం. నాబ్ ఎర్రగీత చివరికంటా తిప్పి, ఫ్యాన్ నాలుగులో పెట్టాను. వేడిగాలి మొహాన కొట్టింది. అద్దాలు దించితే జుట్టు పాడవుతుందని ఆవిడ, దించకపోతే నేనే ఉండనని నేను. పక్కన షేర్ ఆటోలో వేలాడుతున్నాయన మమ్మల్ని జాలిగా చూశాడు. మా తోడల్లుడు షికాగో నుంచి ఫోన్ చేసినప్పుడల్లా కార్లో సీట్లు కూడా వేడెక్కుతాయని గొప్పలు పోతుంటాడు. ఆ క్షణంలో ఆయన మీద నాకున్న అసూయంతా చెమటతో కారిపోయింది. మామగారు మాత్రం కండువాతో మెడ తుడుచుకుంటూ, "హీటరు బాగానే పనిచేస్తోందండీ అల్లుడుగారూ" అని మెచ్చుకున్నారు.

నేను పొయ్యి మీద పాలు కాసినట్టు ముల్లునే కాస్తున్నాను. అది దిగలేదు. బానెట్ సందుల్లోంచి ఆవిర్లు. పక్కకి ఆపగానే మామగారు కండువా చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోయారు. లోపల నీళ్లు ఒత్తిడి మీద ఉంటాయి, తీస్తే మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి. ఆయన్ని అమాంతం నడుం పట్టుకుని వెనక్కి లాగాను. పెళ్లికి పోయే బస్సుల్లోంచి బంధువులు అది చూశారు. అల్లుడు మామని రోడ్డు మీద కొడుతున్నాడన్న వార్త మాకన్నా ముందే మండపానికి చేరింది.

మళ్లీ ఫోన్.

"హీటరు ఫుల్లు పెట్టారా?"

"పెట్టానయ్యా!"

"వేడిగాలి వస్తందా?"

"చర్మం ఊడుతోంది!"

అవతల కాసేపు మాట లేదు.

"అదెట్టా వచ్చిద్ది సార్? దాంట్లోకి నీళ్లే పోవు గదా. మనమే లేపేశాం."

అంటే అంతసేపూ మా మొహాన కొట్టింది కృష్ణా జిల్లా ఎండాకాలపు వట్టి గాలి. హీటరుకీ దానికీ తేడా ఈ ముగ్గురిలో ఒక్కరికీ తెలియలేదు!

మామగారు బస్సెక్కి పెళ్లికెళ్లారు. మెకానిక్ బండి మీద తాపీగా వచ్చి, "పైపుల్లో ఎయిర్ పట్టేసింది సార్" అన్నాడు, గాలి నేను ఊదినట్టు. ఇంజన్ చల్లారాక క్లిప్పు వదులు చేసి గాలి తీశాడు, కూలెంట్ పోశాడు. దానికి డబ్బులు. పెట్రోలుకి డబ్బులు.

"మరి చలికాలం పొగమంచులో అద్దం మబ్బేస్తే?" అన్నాను, ఏదో ఒకటి అడక్కపోతే ఉండబట్టక.

జేబులోంచి పసుపు గుడ్డ తీసి ఇచ్చాడు. దానికి ఇరవై రూపాయలు వేరే.