నోరు మూసుకుంటే ఇల్లు నిలుస్తుందా?

కొన్నాళ్లుగా మా కడప, అనంతపురం వైపు బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. వెనకటి ఉమ్మడి కుటుంబాల్లో గొడవలు ఉండేవి కావని, పెద్దల ఎదుట చిన్నవాళ్లు నోరెత్తకపోవడం వల్లే ఆ ఇళ్లు నిలిచాయని, ఆడబిడ్డలకు ఆస్తిహక్కూ చేతికొక ఫోనూ వచ్చాక అవి విరిగిపోయాయని, పిల్లల ముందు తల్లిదండ్రులు వాదించుకోరాదని, ఇంటి గుట్టు గడప దాటరాదని దాని సారాంశం. పెళ్లి కుదిరిన అమ్మాయిలకు దీన్ని హితబోధగా పంపుతున్నారు. దీన్ని నమ్మి కాపురానికి వెళ్లే పిల్లకు కీడు జరుగుతుందన్న భయంతోనే ఈ జవాబు రాస్తున్నాను.

గొడవలు లేవన్నది మొదటి మాట. ఆలి మాటలు విని అన్నదమ్ములను వదిలి వేరుపడేవాడు వెర్రివాడని మన సీమ మట్టిలో తిరిగిన వేమన ఒక పద్యంలో మందలించాడు. కొన్ని శతాబ్దాల కిందటే వేరుపడటం మందలించవలసినంతగా కనిపించేదని, తప్పును కోడలి మీద వేయడం అప్పటికే అలవాటై ఉందని ఆ పద్యమే చెబుతోంది. ఉమ్మడి సొమ్ముతో చదువుకుని ఉద్యోగం సంపాదించినవాడి జీతం అతనిదా, అన్నదమ్ములందరిదా అన్న తగాదా 1921లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్, అంటే అప్పట్లో మన దేశపు కేసులకు ఆఖరి అప్పీలు కోర్టు, దాకా వెళ్లింది. అది ఉమ్మడిదేనని అక్కడ తీర్పు వస్తే, ఆ స్థితిని మార్చి చదువు వల్ల వచ్చిన సంపాదన చదివినవాడి సొంతమని చెప్పడానికి 1930లో ప్రత్యేకంగా చట్టమే చేయవలసి వచ్చింది. గొడవల్లేని ఇళ్ల కోసం ఎవరూ చట్టాలు చేయరు.

నోరెత్తకపోవడం వల్ల ఇళ్లు నిలిచాయన్నది రెండో మాట. అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది ఇదే కనుక దీన్ని కాస్త వివరంగా చూడాలి. నోరెత్తనివారు ఎవరో ముందు గమనించండి. చిన్నకోడలు, భర్త పోయి పుట్టింటికి చేరిన మేనత్త, అన్న చేతి కింద సేద్యం చేసే తమ్ముడు. వేరుశనగ కాయ అమ్మితే ఎంత వచ్చింది, బోరు వేయడానికి అప్పు ఎంత తెచ్చారు, ఆ నోటు ఎవరి పేరున రాశారు అని అడిగే హక్కు వీరికి ఉండేది కాదు. వెయ్యి అడుగులు తవ్వినా నీళ్లు పడని నేలలో ఈ ప్రశ్నలు చిన్నవి కావు. అడగని ప్రశ్నలన్నీ భాగపరిష్కారం నాడు ఒక్కసారిగా లేస్తాయి. అప్పటికి లెక్క తెలిసిన పెద్దాయన పోయి ఉంటాడు, కాగితం ఉండదు, మిగిలేది ఒకరి మీద ఒకరికి అనుమానమే. పెద్దనాయన బిడ్డలూ చిన్నాయన బిడ్డలూ ఒకరి గడప ఒకరు తొక్కని ఇళ్లు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలా చోట్ల మొదట జరిగింది తగాదా కాదు, ఏళ్ల తరబడి సాగిన మౌనం.

కోపం ముదిరినప్పుడు కాసేపు ఆగమని చెప్పడంలో నిజం ఉంది, దాన్ని కాదనను. దంపతుల మాటతీరును దశాబ్దాలపాటు పరిశీలించిన అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్, నాడి నిమిషానికి వంద దాటినప్పుడు మనిషి ఎదుటివారి మాటను సరిగా వినలేడని, కనీసం 20 నిమిషాలు పక్కకు వెళ్లి, కుదుటపడ్డాక మళ్లీ వచ్చి మాట్లాడాలని చెప్పారు. మళ్లీ వచ్చి మాట్లాడటం అందులో ముఖ్యమైన భాగం. మాటకు బదులివ్వకుండా గోడలా ఉండిపోవడాన్ని, ఎదుటివారిని ఈసడించడాన్ని ఆయన కాపురాన్ని కూల్చే లక్షణాల్లోనే చేర్చారు. రాత్రి భర్తతో, "ఇప్పుడు మాట్లాడితే మాట మీద మాట పెరుగుతుంది, పొద్దున కాఫీ తాగేటప్పుడు చెబుతాను" అన్న కోడలు ఇంటిని నిలుపుతోంది. జీవితాంతం చెప్పకుండా ఉండమని ఆమెకు బోధించడం వేరే సంగతి.

ఆడబిడ్డల ఆస్తిహక్కు ఇళ్లను విరిచిందన్న మాట నన్ను ఎక్కువగా బాధించింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇస్తూ మన రాష్ట్రం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. అందువల్ల ఒకే ఇంట్లో అక్కకు లేని వాటా చెల్లెలికి వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ ఆ తేడాను తీసివేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం అది ముట్టుకోలేదు. కూతురికి వాటా రావడానికి 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంత ముఖ్యమైన సంగతులను అక్కాచెల్లెళ్లకు కూర్చోబెట్టి చెప్పే ఇల్లు అరుదు. తండ్రి పోయాక అన్న కారులో రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకువెళ్తాడు, ఏదో కాగితం మీద సంతకం పెట్టమంటాడు, చీర పెట్టి పంపుతాడు. తాను రాసిచ్చింది హక్కు విడుదల పత్రమని ఆమెకు ఎప్పుడో తెలుస్తుంది. అప్పుడు తెగే బంధాన్ని చట్టం తెంపిందనడం అన్యాయం. అన్న ముందుగానే, "నీకు ఇంత వస్తుందమ్మా, నాకు ఈ అప్పులున్నాయి, ఏం చేద్దామో చెప్పు" అని అడిగి ఉంటే, ఇష్టపూర్వకంగా వదులుకునే చెల్లెళ్లు కూడా మన దగ్గర ఉన్నారు.

ఫోను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రాజంపేట, రాయచోటి వైపు కువైట్‌కు పోయినవారి ఇళ్లను అడిగితే ఫోను ఏం నిలిపిందో వాళ్లే చెబుతారు. తగవును నేరుగా మాట్లాడకుండా అందరూ చూసే గ్రూపులో పెట్టడం, ఒకరి వాయిస్ మెసేజ్‌ను మరొకరికి పంపడం తప్పు. ఆ తప్పు చేసేవారిలో పెద్దలూ ఉన్నారు.

పిల్లల ముందు వాదన గురించి పరిశోధన స్పష్టంగా ఉంది. అమెరికా మనస్తత్వవేత్త మార్క్ కమింగ్స్ బృందం చేసిన అధ్యయనాల్లో, తల్లిదండ్రులు మాట్లాడుకోకుండా ముఖాలు తిప్పుకున్నా పిల్లలు అరుపులకు కలవరపడినట్టే కలవరపడ్డారు. తగవు తీరడం కళ్లారా చూసినప్పుడు, తీరిందని తర్వాత విన్నప్పుడు కూడా, ఆ కలవరం బాగా తగ్గింది. కాబట్టి తిట్లు, చేయి చేసుకోవడం పిల్లల ముందే కాదు, ఎక్కడా ఉండరాదు. మర్యాదగా సాగి రాజీతో ముగిసే వాదన మాత్రం పిల్లలు చూడదగినదే.

ఇక ఇంటి గుట్టు. మన ఊళ్లలో అది ఎప్పుడూ గడప దాటుతూనే వచ్చింది. పెద్దమనుషుల పంచాయితీ అంటే అదే కదా. అందులో కోడలి తరఫున మాట్లాడే ఆడమనిషి కూర్చోవడం అరుదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. లోక్ అదాలత్‌లో ఇరుపక్షాల సమ్మతితో కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది. కొట్టడం జరుగుతుంటే రాజీ దాకా ఆగనక్కరలేదు, మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేయాలి.

గుట్టు వల్ల నష్టపోయేవారిలో ఈ సందేశాన్ని పంపే పెద్దలు కూడా ఉన్నారని వారు గమనించాలి. ఉన్న ఇల్లు కొడుకుకు దానపత్రం రాసిచ్చి, ఆ తర్వాత అన్నానికి ఎదురుచూసే అవ్వాతాతలు పరువు పోతుందని ఎవరికీ చెప్పుకోరు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద వారు ఆర్డీవో అధ్యక్షతన ఉన్న ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. తమను చూసుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినప్పుడు ఆ చట్టంలోని 23వ సెక్షను కింద రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతును దానపత్రంలోనే స్పష్టంగా రాయించుకుంటే తర్వాత వివాదానికి తావు తగ్గుతుంది. కన్నకొడుకును అలా అడగడానికి మొహమాటపడేవారు, సంతకం పెట్టే ముందే ఆ మాట అతనితో అనాలి.