ఫ్రిజ్ తలుపులో కొలువైన దొరవారికి

మహారాజశ్రీ వాటర్ డిస్పెన్సర్ దొరవారి దివ్య సముఖమునకు,

హైదరాబాద్ వనస్థలిపురం నుంచి ఈ ఇంటి ఇల్లాలు చేసుకునే విన్నపం. ఇక్కడ మేం క్షేమంగా లేం. తమరి క్షేమం గురించి వేరే అడగనక్కర్లేదు, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంటే తమరు కారుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. నాలుగడుగుల దూరంలో ఉన్నవారికి ఉత్తరమేమిటని కోప్పడకండి. నోటితో చెప్పి చూశాం, అరచేత్తో తట్టి చూశాం, టోల్‌ఫ్రీ నంబరుకు చేసి వాళ్లు పెట్టిన పాట చెవి నొప్పి పుట్టేదాకా విన్నాం. ఇక ఉత్తరమే మిగిలింది.

నిన్న తమరి వైద్యుడు వచ్చాడు. ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు లోపల ఎప్పుడైనా వస్తాడని మెసేజ్. ఆ ‘ఎప్పుడైనా’ కోసం బ్యాంకు పని మానుకున్నాను, మధ్యాహ్నం నడుం వాల్చడం మానుకున్నాను, బాత్‌రూమ్‌కి కూడా ఫోన్ పట్టుకునే వెళ్లాను. ఎండ దిగాక వచ్చాడు. పాపం కుర్రాడు, చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. మంచినీళ్లు అడిగాడు. తమరి ముందు గ్లాసు పెట్టి నొక్కాను. గుర్రుమన్నారే తప్ప చుక్క రాల్చలేదు. చివరికి వంటింట్లో బిందెలోంచి ముంచి ఇచ్చాను.

తాగి, గ్లాసు పక్కన పెట్టి, బ్యాగు జిప్పు కూడా తీయకుండా అతడడిగిన మొదటి మాట: “ఓటీపీ వచ్చిందా మేడమ్? చెప్పండి.”

“పని అయ్యాక కదా బాబూ?”

“లొకేషన్‌లో ఉన్నప్పుడే కొట్టాలి మేడమ్. లేకపోతే నా జీతంలో కట్ అవుతుంది.”

చెప్పేశాను. వాడి జీతం కోయించి నేనేం బాగుపడతాను? ఆ నాలుగంకెలు పడగానే కంపెనీ రికార్డుల్లో తమరి రోగం కుదిరిపోయింది. ఆ తర్వాతే టార్చి తీసి తమరి నోట్లోకి తొంగిచూశాడు.

దొరవారి మీద చిన్నచిన్న ఫిర్యాదులు ఉన్నాయి గానీ వాటి గురించి ఎక్కువసేపు విసిగించను. మొదటి గ్లాసు నీళ్లు ఎప్పుడూ ప్లాస్టిక్ వాసన కొడుతూ గోరువెచ్చగా వస్తాయి. లోపల ట్యాంకులో ఉన్నవి చల్లగానే ఉంటాయట, తలుపు దాకా వచ్చే ట్యూబులో నిలిచినవి అలా ఉంటాయట. కాబట్టి చుట్టానికి ఇచ్చే ముందు ఒక గ్లాసు మొక్కకు పోయాలి. మా తులసమ్మ ఈ ఇంట్లో అందరికన్నా ఎక్కువ ఫిల్టర్ నీళ్లు తాగింది. చైల్డ్ లాక్ అని ఒకటుంది, మూడు సెకన్లు నొక్కితే పడుతుంది, మళ్లీ మూడు సెకన్లు నొక్కితే పోతుంది. మా మనవడు దాన్ని వేస్తాడు, తీస్తాడు. మాకు ఆ రెండూ రావు.

ఇక ఫిల్టర్ లైటు. ఆర్నెల్లు కాగానే ఎర్రబడుతుంది. నీళ్లు మురికయ్యాయని తెలుసుకుని ఎర్రబడుతుందేమో అనుకునేదాన్ని. అదేం కాదు, అది ఉత్త గడియారం. మొన్న ఇల్లు తాళం పెట్టి డాలస్‌లో అమ్మాయి దగ్గర ఉండి వచ్చేసరికి, ఒక్క చుక్క కూడా వాడని ఆ ఫిల్టర్‌కు కాలం చెల్లిందని లైటు కళ్లెర్రజేసి కూర్చుంది. కొత్తది మూడు వేల పైచిలుకు. పోనీ అది చేసే పనేమిటయ్యా అంటే, లోపల ఉన్నది కార్బన్. క్లోరిన్ వాసన తీస్తుంది, రుచి బాగుచేస్తుంది. కరిగిన ఉప్పుల జోలికి పోదు. ఎండాకాలంలో బోరు నీళ్లు కలిశాక మా ట్యాంకులో ఆ ఉప్పుల లెక్క, అదే టీడీఎస్, లీటరుకు తొమ్మిది వందల మిల్లీగ్రాములు చూపిస్తోంది. 500 లోపుంటే మేలు, వేరే దిక్కు లేనప్పుడు 2000 దాకా సర్దుకోవచ్చని మన భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ మాట. సర్దుకోలేక తమరి కన్నా ముందు ఆ ఉప్పులు తీసే ఆర్‌ఓ యంత్రం పెట్టించాం. ఆర్‌ఓలో శుభ్రపడి వచ్చిన నీళ్లకు తమరి ఫిల్టర్ మళ్లీ స్నానం చేయిస్తుంది. సరే, ఆచారం అనుకుని ఊరుకున్నాం.

ఊరుకోలేనిది ఒకటే. అడిగినప్పుడు ఇవ్వరు. అడగనప్పుడు కారుస్తారు.

గ్లాసు పెట్టి నిలబడితే సన్నటి ధార, అదీ నీరసంగా, మధ్యలో ఆగుతూ. ఆ గ్లాసు నిండేలోపు నేను పోపు వేసుకుని రావచ్చు. గ్లాసు తీసేసి వెనక్కి తిరగ్గానే మొదలవుతుంది టప్, టప్, టప్. కింద డ్రిప్ ట్రే ఉందిగా అంటారు. దానికి కన్నం ఏదండీ? ఏ ఇంజినీరు గీశాడోగానీ తూము లేని చెరువు అది. నిండేదాకా నిండుతుంది, ఆ తర్వాత అలుగు పారుతుంది, ఆయకట్టంతా మా వంటింటి టైల్సు.

ఎందుకిలా అని మొదట వచ్చిన మనిషిని అడిగితే రెండు ముక్కల్లో చెప్పాడు: “ప్రెషర్ లేదు మేడమ్.” ధార సన్నగా ఉండటం అర్థమైంది, కారడం దేనికి? అప్పుడు తెలిసింది తమరి జన్మరహస్యం. తమరి వెనక నీళ్లు వదిలి ఆపే సొలినాయిడ్ వాల్వు కరెంటుతో తెరుచుకుంటుంది, కానీ గట్టిగా మూసుకోవాలంటే వెనక నుంచి నీళ్లు కూడా నెట్టాలి. ఆ నెట్టుడు చాలకపోతే సగం మూసి వదిలేస్తుంది. అంటే ఇవ్వకపోవడానికీ కార్చడానికీ కారణం ఒకటేనన్నమాట. మాన్యువల్ తీసి చూస్తే నీళ్ల ఒత్తిడి 20 నుంచి 120 పీఎస్‌ఐ (ఒత్తిడికి కొలత అది) ఉండాలని రాసి ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. షోరూములో ఆ కుర్రవాడు “డైరెక్ట్ కనెక్షన్ మేడమ్, జస్ట్ పెట్టేయడమే” అన్నప్పుడు ఈ 20 గురించి చెప్పలేదు.

మా ఆయన కరెంటాఫీసులో రిటైరైన మనిషి, అంకెలు కనబడితే ఆగలేరు. కాగితం మీద లెక్క తీశారు. ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉంటే వచ్చేది 14 పీఎస్‌ఐ. తమరికి 20 కావాలంటే ట్యాంకు తమరి మూతికి 14 మీటర్ల పైన ఉండాలి. మాది కిందా పైనా కలిపి రెండే వాటాలు, డాబా మీద ట్యాంకు, మేముండేది కింద. ఎంత లాగినా ఎత్తు ఎనిమిది మీటర్లకు మించదు. దొరవారికి దాహం తీర్చే ఓపిక రావాలంటే మేం ఇంకో రెండంతస్తులు లేపి, ఆపైన ట్యాంకు ఎక్కించాలి. పర్మిషన్ ఎవరిస్తారు?

తమరిని నీళ్లు పైపులోనే ఒత్తిడితో వచ్చే ఊళ్ల కోసం తయారుచేశారు. మా అమ్మాయి వాళ్లింట్లో చూశాను, కుళాయి తిప్పితే నీళ్లు గ్లాసులోంచి ఎగిరి మీద పడతాయి. అక్కడ సంపు లేదు, మోటారు లేదు, డాబా మీద ట్యాంకు లేదు. మా సంగతి వేరు. మాకొచ్చేవి కృష్ణ నీళ్లు. నాగార్జునసాగర్ దగ్గర ఎత్తిపోస్తే, వందల మీటర్ల ఎత్తు ఎక్కి, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో నడిచి మా పక్కనున్న సాహెబ్‌నగర్ చేరతాయి. అక్కణ్నుంచి రోజు విడిచి రోజు మా గల్లీకి, గల్లీ నుంచి సంపుకు, సంపు నుంచి మోటారు వేస్తే డాబా మీదికి, డాబా మీంచి కిందికి దిగి ఆర్‌ఓకు. అంత దూరం వచ్చిన కృష్ణమ్మ మా ఆర్‌ఓ దగ్గర నుంచి తమరి మూతి దాకా ఉన్న ఆరడుగులు రాలేకపోతోంది!

సరే, ప్రెషరే కదా, పెంచుదామన్నాం. ప్లంబరు వచ్చి బూస్టర్ పంపు పెట్టాడు. దానికో స్విచ్చు, లైన్లో ఒత్తిడి తగ్గితే పంపు దానంతటదే తిరుగుతుంది. కొన్నాళ్లు దర్జాగా వచ్చాయి నీళ్లు. గ్లాసు పెట్టీ పెట్టగానే నిండుతుంటే, నిజం చెప్పొద్దూ, ముచ్చటేసింది. పక్కింటి వదినగారిని పిలిచి చూపించాను కూడా. ఆ దిష్టే తగిలిందో ఏమో, మళ్లీ మొదలు. ఇప్పుడు కారడంతోపాటు సంగీతం కూడా. ఒక్కో బొట్టూ పోతుంటే లైన్లో ఒత్తిడి తగ్గుతుంది, తగ్గగానే పంపు గుర్‌ర్‌ర్ అంటుంది. అర్ధరాత్రి రెండింటికి గుర్‌ర్‌ర్. వేకువన గుర్‌ర్‌ర్. “ఎవరే అది, మిక్సీ వేస్తున్నారు?” అని అత్తయ్య గదిలోంచి కేక.

నిన్న వచ్చిన వైద్యుడు అంతా చూసి తీర్పు చెప్పాడు: “వాల్వు పోయింది మేడమ్, మార్చాలి.”

“వారంటీ ఉందిగా?”

“బయటి పంపు పెట్టారు కదా మేడమ్. ప్రెషర్ ఎక్కువై పోయింది. దానికి వారంటీ రాదు.”

విన్నారా దొరవారూ? మొదట వచ్చినవాడు ప్రెషర్ తక్కువన్నాడు. తక్కువని పెంచితే రెండోవాడు ఎక్కువన్నాడు. మాన్యువల్లో 120 దాకా పరవాలేదని ఉంది, ఇది అరవై కూడా దాటదు బాబూ అని గేజు చూపించాను. “నాకలా రాయమన్నారు మేడమ్” అన్నాడు. ఆర్‌ఓ అతనికి ఫోన్ చేస్తే ఫ్రిజ్ వాళ్లని అడగమన్నాడు. ప్లంబరుకు చేస్తే ఇద్దరూ దొంగలేనని చెప్పి, తన బాకీ గుర్తుచేశాడు. విజిటింగ్ ఛార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ కట్టి పంపించాను. వాల్వు తాకకుండానే.

ఇంతవరకూ తమరు తమరు అంటూ రాశాను. ఇక నావల్ల కాదు.

రాత్రి అత్తయ్య మాత్ర వేసుకోవడానికి లేచి వంటింట్లోకి వచ్చింది. ఆవిడకి డెబ్బై ఎనిమిది. లైటు వేయలేదు, స్విచ్చు నీ పక్కనే ఉంటుంది కదా, అక్కడిదాకా రావాలి. వచ్చింది. నీ కింద మడుగులో కాలు వేసింది. కుర్చీ చేతికి దొరికింది కాబట్టి సరిపోయింది. దొరక్కపోతే? ఏ తుంటి ఎముకో విరిగితే? ఏ రికార్డులో రాస్తారు దాన్ని, ‘కస్టమర్ వైపు సమస్య’ అనా? మేం లేచి వచ్చేసరికి ఆవిడ కుర్చీ పట్టుకుని వణుకుతూ నిలబడి ఉంది. నువ్వు నీలం లైటు వేసుకుని టప్ టప్ మంటున్నావు. సిగ్గులేదటే నీకు? ఒక గ్లాసు నీళ్లు ఇవ్వడానికి పుట్టి, మనిషిని పడేయడానికి తయారయ్యావు! నీకు ఆర్‌ఓ పెట్టాం, పంపు పెట్టాం, ఆర్నెల్లకోసారి మూడు వేలు పోసి ఫిల్టర్ పెట్టాం, ఇన్ని పెడితే నువ్వు మాకు పెట్టింది గోనెపట్టా. అవును, రోజూ నీ కింద పరుస్తున్న ఆ గోనెపట్టా. దాన్ని పిండి ఆరేసే డ్యూటీ కూడా నాదే.

నీ వెనక అదే డబ్బాలో ఉన్న కంప్రెసర్‌ను చూసి బుద్ధి తెచ్చుకోరాదూ? అడగకుండా పనిచేస్తుంది, పెరుగు పులవనివ్వదు, నడివేసవిలో కూడా ఇడ్లీ పిండి పొంగి పారలేదు. దానికి ఇల్లు ఆర్నెల్లు వదిలేసినా కోపం రాదు. పదేళ్ల వారంటీ అని తలుపు మీద బంగారు రంగు స్టిక్కరు అంటించారే, అది దానికి. ఎప్పుడూ పాడుకానిదానికి పదేళ్లు, రోజూ పాడయ్యే నీకు ఏడాది. అందులోనూ ప్లాస్టిక్‌కు రాదు, రబ్బరుకు రాదు, ఫిల్టర్‌కు రాదు, పంపు పెట్టినవాళ్లకు అసలే రాదు.

పైగా నీకోసం ఆ తలుపులో సగం జాగా పోయింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టు, నువ్వు నీళ్లివ్వవు, నీ వల్ల సీసాలు పెట్టుకునే చోటు కూడా లేదు. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో తలుపు నిండా సీసాలే ఉండేవి. సీసా ఖాళీ చేసినవాడే నింపి పెట్టాలి, అదొక్కటే రూలు. ఆ రూలు మా ఇంట్లో ఎవరూ పాటించలేదు, నేను తప్ప. అది వేరే ఉత్తరంలో రాస్తాను, మా ఆయనకు.

కాబట్టి వినవమ్మా. ఇవాళ పొద్దున్నే సింకు కింద నీ వాల్వు తిప్పి కట్టేశాను. పంపు ప్లగ్గు పీకేశాను. లోపల మిగిలిన నీళ్లు గిన్నె పట్టి ఖాళీ చేశాను, ఆ చివరి అరలీటరు మాత్రం ఎంత బాగా వచ్చిందో! సాయంత్రం ప్లంబరు వచ్చి నీ ట్యూబు కోసి మూత బిగిస్తాడు, అతని బాకీ ఇచ్చాక. గోనెపట్టా ఎత్తేశాను. పై అరలో పచ్చడి జాడీలు కిందికి దించి స్టీలు సీసాలు పెట్టాను. ఇకనుంచి నువ్వు తలుపుకు అలంకారం. ఆ అరలో మనవడి బొమ్మ కారు పెట్టుకుంటానంటున్నాడు, పెట్టుకోనీ. ఎర్ర లైటు ఆర్నెల్లకోసారి వెలిగితే వెలుగుతుంది, దాన్ని ఆర్పడానికి మూడు సెకన్లు నొక్కే ఓపిక కూడా నాకు లేదు.

ఇట్లు,
నీ కింద తుడిచి తుడిచి అలసిన మనిషి

తా.క.: ఇది రాస్తుండగానే కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. ‘మీ సమస్య విజయవంతంగా పరిష్కరించబడింది. మా సేవకు ఒకటి నుంచి పది మధ్య మార్కు ఇవ్వండి’ అట. సున్నాకు బొత్తాం లేదు. మా ఆయన్ని పిలిచి చూపించాను, ఆయన ఆ కుర్రాడి జీతం గుర్తుచేశారు. పది వేశాను.