సీతాకోకచిలుకల బాల్యాన్ని రద్దు చేయవలసిందిగా మనవి

సీతాకోకచిలుకను ఇష్టపడని మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. గొంగళి పురుగును ఇష్టపడే మనిషినీ చూడలేదు. ఈ రెండూ ఒకే జీవి అన్న దురదృష్టకరమైన వాస్తవం వల్ల సభ్యసమాజానికి కలుగుతున్న ఇబ్బందిని గమనించి, బాధ్యత గల పౌరుడిగా ఈ మనవిని సమర్పించుకుంటున్నాను. మన పూర్వులు ఈ చిక్కును భాషలోనే విడదీసి పెట్టారు. రెక్కలు వచ్చినదానికి సాక్షాత్తూ సీతమ్మవారి కోక కట్టబెట్టి, రెక్కలు రానిదానికి గొర్రెల కాపరి గొంగళి కప్పారు. కోక కట్టినది ఇంటికి వస్తే ఫోటో తీయాలని, గొంగళి కప్పుకున్నది వస్తే పురుగుమందు కొట్టాలని మనం నేర్చుకున్నది అందుకే కావచ్చు.

నిష్పాక్షికంగా విచారిస్తే తప్పంతా ఆ జీవిదేనని తేలుతుంది. తాను తేనె తాగే విషయంలో అది ఎంతో ఉదారమైనది; ఎక్కడో అమెరికా ఖండాల నుంచి వచ్చి మన అడవులను కమ్మేసిన లాంటానా పువ్వు మీద కూడా నిస్సంకోచంగా వాలుతుంది. పిల్లల తిండి దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఎక్కడ లేని ఛాందసం మొదలవుతుంది. ఆడ సీతాకోకచిలుక ఆకు మీద వాలి, ముందుకాళ్లతో టకటక తట్టి, ఆకులోని రసాయనాలను పాదాలతోనే రుచి చూసి, ఇది మా వంశం తినే ఆకేనని తేలితే తప్ప గుడ్డు పెట్టదు. పురుగు పట్టదని నర్సరీలవారు పొగిడి అమ్మే చెట్టైన కోనోకార్పస్‌ను మనం రోడ్ల పొడవునా వరుసగా నాటి, అంచులు కత్తిరించి, నీళ్లు పోసి పెంచుతుంటే, దానికేసి చూడకుండా కాలువ గట్టున జిల్లేడును వెతుక్కుంటూ పోయే ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుకను ఏమనాలి?

ఒంటి నిండా ఎరుపు నలుపులతో పట్టుచీర కట్టినట్టుండే క్రిమ్సన్ రోజ్ అనే సీతాకోకచిలుక సంగతి మరీ విచారకరం. దాని పిల్లలు ఈశ్వరి జాతి తీగలను తప్ప వేరొక ఆకును ముట్టవు, ఆ జాతిలో నల్లరేగడి చేలలో పెరిగే ఒకదాని పేరు గాడిదగడపాకు. ఇంతటి అందగత్తె పుట్టిల్లు గాడిదగడపాకు అని బయటపడితే పరువేం కావాలి? ఆ ఆకులోని విషాన్ని పురుగుగా ఉన్నప్పుడే ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి పెద్దయ్యాక పక్షులు దాని జోలికి రావు. ఇది చూసిన కామన్ మార్మన్ అనే మరో సీతాకోకచిలుక ఆడవాటిలో కొన్ని, విషం తినే శ్రమ లేకుండా, అదే రంగుల కోక కట్టుకుని తిరుగుతాయి. నకిలీ ధ్రువపత్రాలతో ఉద్యోగం వెలగబెట్టే విద్య మనుషులే కనిపెట్టారనుకోవడం అజ్ఞానం. అయితే నకిలీ పత్రం చెల్లాలంటే అసలు పత్రం ఇచ్చే కార్యాలయం తెరిచి ఉండాలి; ఈశ్వరి తీగను పూర్తిగా పీకేస్తే క్రిమ్సన్ రోజ్ పోతుంది, అసలు రుచి ఎరిగిన పక్షులూ మిగలవు, ఆ తరువాత మార్మన్ కోకను చూసి భయపడే పిట్ట ఉండదు.

ఈ మొక్కలంటే మనకు గౌరవం లేదని ఎవరైనా ఆరోపిస్తే నేను ఒప్పుకోను. వినాయక చవితినాడు మనం ఇరవై ఒక్క పత్రాలతో పూజ చేస్తాం. అందులో బిల్వపత్రం లైమ్ బటర్‌ఫ్లై పిల్లల తిండి, బదరీపత్రం అనే రేగాకు కామన్ పియరో తిండి, అర్కపత్రం అనే జిల్లేడు ప్లెయిన్ టైగర్ తిండి, కరవీరపత్రం అనే గన్నేరు కామన్ క్రో తిండి. ఆ కామన్ క్రో ప్యూపా, అంటే పురుగు రెక్కలు తొడుక్కునే గూడు, గన్నేరు ఆకు కింద కంసాలి పోత పోసినట్టు మెరుస్తూ వేలాడుతుంది. దాడిమీపత్రం గల దానిమ్మ చెట్టునూ ఒక సీతాకోకచిలుక ఆశ్రయిస్తుంది, కాకపోతే అది ఆకుతో తృప్తిపడక కాయనే తొలుస్తుంది గనుక రైతు దగ్గర దాని పేరు ఎత్తకపోవడం మంచిది. చవితినాడు డబ్బు పెట్టి కొని, సంస్కృతంలో సంబోధించి, దేవుడి పాదాల దగ్గర పెట్టే ఈ ఆకులనే మిగిలిన 364 రోజులూ పిచ్చిమొక్కలని పేరు పెట్టి గునపంతో పెళ్లగిస్తాం. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడమని దీన్ని ఆక్షేపించేవారు ఉండవచ్చు. మేము ఆ గొంగళినే వద్దంటున్నామని వారు గమనించాలి.

ఇక చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ విషయంలో చూపిన దూరదృష్టి నన్ను ఎప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి ఆరు షెడ్యూళ్లను, అంటే జీవుల జాబితాలను, నాలుగుకు కుదించే వరకు, పెద్దపులి ఉన్న ఒకటవ షెడ్యూలులోనే క్రిమ్సన్ రోజ్, కామన్ పియరో, డానైడ్ ఎగ్‌ఫ్లై సీతాకోకచిలుకలు కూడా ఉండేవి. ఆ షెడ్యూలులోని జంతువును చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు. జంతువు అన్న మాటకు పిల్లలు, గుడ్లు కూడా అని చట్టమే అర్థం చెప్పింది కాబట్టి, పెరట్లో రేగుచెట్టుకు మందు కొట్టిన పెద్దమనిషి అప్పట్లో కాగితం మీద పులిని చంపిన వేటగాడితో సమానుడయ్యేవాడు. డానైడ్ ఎగ్‌ఫ్లై పిల్లలు తినేది గంగవాయిలి కూర. పప్పులో ఆ కూర వేసుకున్న ప్రతి గృహస్థుడూ తనకు తెలియకుండానే పులి కంచంలో చెయ్యి పెట్టాడు. కంది, బొబ్బర్ల కాయలను తొలిచి తినే పీ బ్లూ సీతాకోకచిలుక రెండవ షెడ్యూలులో దర్జాగా కూర్చుని ఉండేది. ఇంత ఉదారమైన చట్టంలో మొక్కలకంటూ కేటాయించిన ఆరవ షెడ్యూలులో దేశం మొత్తానికి కలిపి ఆరంటే ఆరే పేర్లు ఉండేవి, వాటిలో జిల్లేడు, రేగు, గాడిదగడపాకు లేవు. అంటే అతిథికి సాయుధ రక్షణ ఇచ్చి, వంటింటిని కూల్చడానికి అనుమతి ఇచ్చామన్నమాట. నా మనవికి దీనికంటే బలమైన పూర్వనిదర్శనం మరొకటి దొరకదు.

పేర్ల గురించి ఒక మాట. వీటికి ఇంగ్లీషు పేర్లు పెట్టినవారు తమ కొలువునే పురుగులకు పంచిపెట్టారు. సెయిలర్, సార్జెంట్, కమాండర్, బారోనెట్, నవాబు, రాజా అన్నీ మన చెట్ల మీద ఎగురుతున్నాయి. ఆ బారోనెట్ గారు పెరిగేది బీడీలు చుట్టే తునికాకు మీద, బ్లాక్ రాజా పెరిగేది చింతాకు మీద. మనం మాత్రం సమతావాదులం కాబట్టి అన్నింటినీ కలిపి సీతాకోకచిలుక అనేశాం. ఏది తగ్గిపోతున్నదో చెప్పమని ఎవరూ మనల్ని అడగలేరు.

నా ప్రతిపాదనను ఆచరణలో పెట్టి చూపిన ఆదర్శం మా కాలనీలోనే ఉంది. కాలనీ సంఘంవారు సీతాకోకచిలుకల ఉద్యానవనం తలపెట్టి, ముందుగా ఆ స్థలంలోని జిల్లేడు, కసివింద, గడ్డీగాదం అంతా యంత్రంతో చదును చేయించి, పచ్చిక పరిచి, పురుగు పట్టకుండా వారానికొకసారి మందు కొట్టే ఏర్పాటు చేశారు. ద్వారం దగ్గర నిలువెత్తు సిమెంటు సీతాకోకచిలుకను రంగులు వేసి నిలబెట్టారు. దానికి బాల్యం లేదు, ఆకలి లేదు, ఆకు అక్కర లేదు. పిల్లలు దాని రెక్కల మధ్య నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ప్రభుత్వంవారు తక్కిన వాటిని కూడా నేరుగా రెక్కలతోనే పుట్టేలా ఉత్తర్వులు జారీ చేస్తే, ఈ సిమెంటుదానికి తోడు దొరుకుతుంది.

ఈ మనవి సగం రాసి, చారులో తాలింపుకని పెరట్లోకి వెళ్లి కరివేపాకు దూస్తుంటే, ఒక ఆకు మీద పక్షి రెట్ట కనిపించింది. తుడుద్దామని వేలు పెడితే ఆ రెట్ట తల ఎత్తి, మెడ వెనక నుంచి రెండు మెత్తని కొమ్ములు చాచి, ముక్కు పగిలే కంపు కొట్టింది. మందు సీసా అటక మీద ఉంది. చట్టాన్ని గౌరవించే పౌరుణ్ని గనుక, దీని పేరు ఏ షెడ్యూలులోనైనా ఉందేమో చూసి వస్తాననుకుని లోపలికి వెళ్లాను. వారం తిరిగేసరికి ఆ కొమ్మకు ఈనెలే మిగిలాయి. చారు కరివేపాకు లేకుండానే పెట్టుకుంటున్నాం.