మా గోడమీది శిథిల భవనం నోటీసు గారికి

మహారాజశ్రీ నోటీసు గారికి నమస్కారాలు.

ఏటా తొలకరికి తప్పకుండా దయచేస్తారు, సంతోషం. నిన్న మీకోసం సెలవు పెట్టి పన్నెండింటి నుంచి నాలుగున్నర దాకా గుమ్మంలో కూర్చున్నాను. 'ఇంజినీరు సార్ వస్తారు, లోపలా పైనా అంతా చూస్తారు' అన్నారు మునిసిపాలిటీ వాళ్లు. వచ్చారు. బండి స్టాండు కూడా వేయలేదు. వీధిలోంచే ఒక ఫొటో తీశారు. వెంట వచ్చిన అబ్బాయి మైదా జిగురు పూసి మిమ్మల్ని అంటించాడు. మీ కింద పోయినేటి మీరు, ఆ కింద ముందటేటి మీరు. ఇంకో నాలుగేళ్లకు గోడను మీరే మోస్తారు.

పోయినేడు వచ్చినాయన నయం, ఒక సుత్తిలాంటి యంత్రంతో టక్కున కొట్టి చూశాడు. అది కాంక్రీటు కోసం చేసింది. మాది డంగు సున్నంతో కట్టిన రెండడుగుల రాతి గోడ. చార్మినార్‌లోనూ సున్నమే. 2019లో మినార్ నుంచి పెచ్చు ఊడిపడినా దాన్ని ఖాళీ చేయమని ఎవరూ కాగితం అంటించలేదు.

'శిథిలావస్థలో ఉంది' అన్నారు. ఏది? గోడ తట్టి డొల్ల మోత విన్నారా? గోడలోకి దిగిన దూలం కొస పుచ్చిందేమో పొడిచి చూశారా? పోనీ, మెట్ల పక్కన బీట? అది ఎప్పటిదో కాదు, ఇంకా కదులుతోందా అన్నదే అసలు సంగతి. బీట కదిలితే గాజు పగులుతుందని ముసలి మేస్త్రి చెబితే దానికి అడ్డంగా మూడు చోట్ల గాజు ముక్కలు అతికించి తేదీ రాశాను. రెండేళ్లు చెక్కుచెదరలేదు. పక్కవాళ్లు సెల్లార్ కోసం మా పునాదిని ఆనుకుని గొయ్యి తవ్విన పదిహేనో రోజున నడిమిది పటుక్కుమంది. ఆ ముక్క చూపిద్దామనే నాలుగున్నర గంటలు కూర్చున్నాను. గొయ్యికి మాత్రం నోటీసు లేదు!

ఇల్లు కూలుతుందని నువ్వన్నది నిజమే కావచ్చు. నాకూ భయమే. వాన పడితే అమ్మను ముందు గదిలో పడుకోబెట్టి, టార్చి పట్టుకుని ఆ బీట దగ్గర కూర్చుంటున్నాను. ఉండొచ్చంటే ఉంటాం, కూలుతుందంటే పోతాం. ఒక నిచ్చెన, ఒక గంట. అంతేగా అడిగింది? 'జరగబోయే నష్టానికి యజమానిదే బాధ్యత' అని రాయడానికి చేతులొచ్చాయి గానీ, గడప దాటడానికి కాళ్లు రాలేదా?

రాత్రి వానకు నీ ఒక మూల ఊడింది. మిగిలిన రెండు గాజు ముక్కలు ఈ పొద్దుటికి బాగానే ఉన్నాయి.