కోసిన కూరగాయలకు క్రమశిక్షణ నేర్పేదెవరు?

తోటలో కోసేశాక కూడా కూరగాయలు ఊపిరి తీసుకుంటూనే ఉంటాయి. ఈ అవిధేయతను ఇంతవరకూ ఎవరూ గట్టిగా ఖండించకపోవడం విచారకరం. డబ్బులిచ్చి కొన్నాం, మోసుకొచ్చాం. ఇక వండేదాకా కిక్కురుమనకుండా పడి ఉండటం వాటి ధర్మం. అవేమో లోపల దాచుకున్న చక్కెరల్ని తగలేసుకుంటూ, వేడి పుట్టిస్తూ కూర్చుంటాయి. చుట్టూ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిందంటే ఆ ఊపిరి రెండు మూడు రెట్లు జోరందుకుంటుంది.

పోనీ, చక్కెరతో ఆగుతాయా? ఏ విటమిన్ సి కోసం పాలకూర కొన్నామో, ముందుగా సాగనంపేది దాన్నే. 20 డిగ్రీల దగ్గర వారం ఉంచితే దాదాపు మొత్తం పోతుంది. 4 డిగ్రీల ఫ్రిజ్‌లో దాచినా వారానికి మిగిలేది సుమారు పావు వంతే. ఆకు మాత్రం పచ్చగా, ఏమీ ఎరగనట్టు ఉంటుంది. ఫోలేట్ అనే బి విటమిన్‌దీ అదే దారి. ఒంట్లో విటమిన్ ఎ గా మారే కెరోటిన్ కాస్త నిదానం.

లోపల జరిగేది పచ్చి కుమ్మక్కు. ఆస్కార్బేట్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఆక్సిజన్‌తో చేతులు కలిపి ఆస్కార్బిక్ ఆమ్లాన్ని, అంటే మన విటమిన్ సి నే, డీహైడ్రోఆస్కార్బిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఇక్కడిదాకా ఫరవాలేదు, మన ఒంట్లో అది కూడా విటమిన్‌గానే పనిచేస్తుంది. ఇంకో మెట్టు దిగిందా, ఇక వెనక్కి రాదు. చలి ఈ వ్యవహారాన్ని ఆపదు, నెమ్మదింపజేస్తుందంతే. మనమేమో ఫ్రిజ్ తలుపు వేయగానే లోపల కాలం ఆగిపోయిందని నిశ్చింతగా ఉంటాం.

సరే, అన్నిటినీ బాగా చల్లబరుద్దామా అంటే అక్కడా కలిసిరావు. పాలకూరకు సున్నా దగ్గర హాయి. కీరదోసకు 10 డిగ్రీల కంటే బాగా తగ్గితే ఒంటికి పడదు. కొన్నాళ్లకు తొక్క మీద గుంటలు పడి, మెత్తబడిపోతుంది. టమాటాకూ, వంకాయకూ చలి గిట్టదు. ఇలా దెబ్బతిన్న వాటిలో విటమిన్ సి ఇంకా తొందరగా పోవచ్చు. బంగాళాదుంపను ఫ్రిజ్‌లో పెడితే పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుని, వేయించేటప్పుడు నల్లబడి, పైగా అక్రిలమైడ్ అనే హానికర రసాయనాన్ని ఎక్కువ చేసి పగ తీర్చుకుంటుంది. మన దగ్గరున్నది ఒక్క ఫ్రిజ్, దానికి ఒక్క మీట. కూరగాయలన్నీ ఒక చోట కూర్చుని ఏదో ఒక అంకెకు ఒప్పుకుంటే గొడవ ఉండదు. మనమే రెండు రోజులకు సరిపడా కొనుక్కోవచ్చు కదా అని కొందరంటారు. అలాంటి తీవ్రవాద ఆలోచనలను పట్టించుకోనక్కర్లేదు.

ఈ అరాచకంలో బుద్ధిగా ఉన్నది ఫ్రీజర్‌లోని బఠాణీ ఒక్కటే. కోసిన కొద్ది గంటల్లోనే వేడినీళ్లలో ముంచి దాని ఎంజైముల నోరు మూయిస్తారు. అప్పుడు కొంత విటమిన్ పోయే మాట నిజమే. ఆ తర్వాత మైనస్ 18 డిగ్రీల దగ్గర నెలల తరబడి మిగిలింది చాలావరకు కాపాడుకుంటుంది. ఫ్రిజ్‌లో వారం పాటు మగ్గిన పాలకూర దీని ముందు తలెత్తుకోలేదు. అయినా మనకది లోకువే. ఫ్రెష్ కాదుగా!

చివరికి ఏది కొన్నా, ఎక్కడ దాచినా, గిన్నెడు నీళ్లు పోసి ఉడికించి ఆ నీళ్లు పారబోసే ఆచారం మనకుంది. విటమిన్ సి నీళ్లలో ఇట్టే కరుగుతుంది కాబట్టి, మన వంటింటి సింకులకు ఆ విటమిన్ కొరతతో వచ్చే స్కర్వీ జబ్బు పట్టే ప్రమాదమైతే లేదు.